బావగారి జారుడు చెక్క

జూన్ 3

రంపపు బావమరిదికి,

మీ బావ కత్తెర పక్కన పెట్టి కలం పట్టాడంటే కొంప మునిగిందేమోనని కంగారు పడకు. ఇంకా మునగలేదు. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోను మీ అక్క దగ్గర ఉంటుంది. అడిగితే ఇస్తుంది. ఇచ్చి, స్పీకరు నొక్కి, పక్కనే కూర్చుని కాజాలు కుడుతూ అవతలివాళ్ళకి నాకంటే ముందు తనే జవాబు చెబుతుంది. ఉత్తరానికైతే ఆ బెడద లేదు. నా చేతిరాత చదవడంకంటే చిక్కుపడ్డ దారం విప్పడం సులువని తను పెళ్ళయిన కొత్తలోనే తేల్చేసింది. చొక్కా కొలతలివ్వడానికి వచ్చిన పోస్టుమాన్ చేతికే ఇది ఇచ్చి పంపుతున్నాను.

దుకాణం బోర్డు నేనే బిగిస్తానని నిచ్చెనెక్కి, ఎక్కిన దారిన కాకుండా ఇంకో దారిన దిగి ఆర్నెల్లయింది కదా. నడుము కింద స్పర్శ లేదు, ఇక రాదన్నారు. చేతులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఇప్పటికీ ఆరు పొరల గుడ్డ ఒక్క వేటున కత్తిరిస్తాను. కానీ కత్తిరించే బల్ల ముందుగదిలో ఉంది, నేను వెనకగదిలో మంచం మీద ఉన్నాను. ఈ రెంటి మధ్యా మీ అక్క ఉంది.

పొద్దున్నే వస్తుంది. నేను మెడ చుట్టూ చేతులు వేస్తాను. తను "ఊఁ" అని నన్ను మంచం మీంచి ఎత్తి చక్రాల కుర్చీలో వేస్తుంది. "కూర్చోబెడుతుంది" అని రాయలేదు, గమనించు. సరిగ్గా ఆ వేళకి మీ పెద్దమ్మ పక్కవీధి నుంచి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర స్థిరపడుతుంది. "ఇలాంటి ఇల్లాలు ఈ రోజుల్లో ఎక్కడుందమ్మా!" అంటుంది. ఎత్తబడుతున్నవాడు కూడా ఒకడు అక్కడున్నాడని ఆవిడకి ఇంతవరకూ తెలిసినట్టు లేదు.

అసలు సంగతికి వస్తాను. మీ అక్క ఇస్త్రీ పెట్టె ఎడంచేత్తో తోస్తోంది. ఎందుకని అడిగితే "ఊరికే" అంటుంది. ఊరికే ఎవరూ చెయ్యి మార్చరు. కుడి భుజం పోతోంది. నావల్ల ఈ ఇంట్లో రెండో మనిషి కూడా మంచమెక్కితే నేను చూడలేను. ఇది మాత్రం వేళాకోళం కాదు.

నాకు వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుంది. గొంతు విని ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టాను. ఆ అమ్మాయే చెప్పింది, ట్రాన్స్‌ఫర్ బోర్డు అని ఒక చెక్క ఉంటుందట. మంచానికీ కుర్చీకీ మధ్య వంతెనలా వేసుకుని, దానిమీద కూర్చుని కొంచెం కొంచెంగా జరుగుతూ మనంతట మనమే దాటేయొచ్చట. ఇలాంటి సామాను అమ్మేవాడికి కబురు పెడితే వచ్చి, కరెంటుతో లేచే మంచం, పైకప్పు నుంచి వేలాడే ఉయ్యాల బొమ్మల్లో చూపించాడు. చెక్క లేదా అంటే, "అది మీ స్థాయికి తగదు సార్" అన్నాడు. నేలమీద పడి లేవలేనివాడికి కూడా స్థాయి ఉంటుందని అప్పుడే తెలిసింది.

నీకు వర్క్‌షాపు ఉంది, చెక్కలున్నాయి, అక్కమీద ప్రేమ ఉందని వినికిడి. చేసి పంపు. కొలతలు వెనకవైపు రాశాను. టేపు పట్టి నేనే తీశాను, దర్జీ కొలత, తిరుగుండదు. మీ అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పకు.

రోజూ ఎత్తబడుతున్న
నీ బావ


జూన్ 9

కత్తెర బావగారికి,

మంచం మీదున్నా కుర్చీలో ఉన్నా, ఎక్కడుంటే అక్కడికే నా నమస్కారాలు.

మీ ఉత్తరం చదవడానికి నేనూ, మా పాలిష్ మేస్త్రీ, ఒక భూతద్దం, ముగ్గురం కూర్చున్నాం. అర్థమైనంత వరకూ అర్థమైంది. ముందు ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ ఇద్దరికీ ఏమైనా గొడవైందా? అక్క ఎత్తనంటోందా, మీరే ఎత్తనివ్వడం లేదా? "అల్లుడికి ఈమధ్య నోరు బాగా లేస్తోంది, కాళ్ళ బలం కూడా అక్కడికే వెళ్ళినట్టుంది" అని పెద్దమ్మ ఫోనులో అంది. మా అక్క చిన్నప్పుడు నన్ను ఒక చంకలో, నీళ్ళబిందె ఇంకో చంకలో పెట్టుకుని మెట్లెక్కేది. మీ బరువుకి జడిసే మనిషి కాదు.

సరే, అడిగారు కాబట్టి చేస్తాను. చేసేది నేను, వాడేది మా ఇంటి అల్లుడుగారు. ప్యాకింగ్ పెట్టె మూతలాంటిది పంపితే మావాళ్ళు నవ్వరూ? టేకు తీశాను. చుట్టూ లతలు చెక్కుతున్నాను. మూలమూలకీ ఒక పువ్వు. పాలిష్ ఎలా ఉంటుందంటే, అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఆ అమ్మేవాడికి చూపించండి, స్థాయి అంటే ఏమిటో తెలుస్తుంది.

అక్కకి చెప్పలేదు. దాచిపెట్టడం ఎందుకో మాత్రం నాకు అర్థం కాలేదు.

మీ రంపం


జూన్ 20

కళాకారుడైన బావమరిదికి,

చెక్క చేరింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. ఎదురింటాయన "కొత్త తలుపు పెట్టిస్తున్నారా?" అన్నాడు. అంత పొడవు చెక్క గుమ్మంలోకి రావడం చూసి మీ పెద్దమ్మ ఇంకేదో ఊహించుకుని ఏడుపు అందుకుంది. "ఇంకా ఉన్నానండీ!" అని నేను లోపలినుంచి అరవాల్సి వచ్చింది. ఆవిడ ఏడుపు వెంటనే ఆపలేదు. మొదలుపెట్టాను కదా అని కాసేపు ఏడ్చింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, చేతులు నడుముమీద పెట్టుకుని, "ఇది వంతెన కాదు, రన్‌వే" అంది. మంచంమీద కొంత, కుర్చీమీద కొంత గట్టిగా ఆనితే చాలునట. నీ చెక్క మంచం దాటి, కుర్చీ దాటి, అవతలున్న బీరువా తలుపు తడుతోంది. కొలతలు అంత విడమరిచి రాస్తే ఇదా నువ్వు చేసింది?

అంచులు చూడు. చివర పల్చగా, ఏటవాలుగా ఉంటేనే తొడ కిందికి దూరుతుంది. నీ అంచు గడపంత మందం. అది నా కిందికి రావాలంటే ముందు మీ అక్క నన్ను ఎత్తాలి. ఎత్తకుండా ఉండటానికి తెప్పించిన చెక్కమీద కూర్చోబెట్టడానికి నన్ను ఎత్తాలన్నమాట!

ఇక నీ లతలు. చేత్తో తడిమితే ముచ్చటగానే ఉన్నాయి, కాదనను. కానీ నా తొడలకి స్పర్శ లేదు. ఆకు అంచు గీరినా, పువ్వు రేకు నొక్కినా నాకు తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. అలాంటి పుండు మానడం మహా కష్టమట. ఇన్‌స్పెక్టరు ఇది చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి గొంతులో మొదటిసారి కోపం లేదు, భయం ఉంది. అద్దంలాంటి పాలిష్ కూడా పనికిరాదు. పొడిగా ఉంటే అక్కర్లేనంత జారుతుంది, చెమట పడితే అతుక్కుంటుంది.

ఇంకోటి చెయ్యి. పొట్టిగా, గట్టిగా, మూలలు గుండ్రంగా, అంచులు పల్చగా, మీదా కిందా ఒక్క పేడు లేకుండా. కళ ఏమైనా మిగిలిపోతే ఇంకో అల్లుడికి దాచు.

మీ అక్క ఆ చెక్క చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఇదెందుకు? నేను లేనా?" అంది. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. ప్రస్తుతం దాన్ని రెండు స్టూళ్ళ మీద వేశాం, మీ పెద్దమ్మ దానిమీద కూర్చుని టీ తాగుతోంది.

నీ బావ


జూన్ 26

బావగారికి,

మీ ఉత్తరం చదివి మండిపోయింది. పదిరోజులు ఉలి పట్టుకుని కూర్చున్నవాణ్ణి పట్టుకుని రన్‌వే అంటారా! మీ కొలతల కాగితం మళ్ళీ తీశాను. మీరు రాసిన అంకె అదే. మంచానికీ కుర్చీకీ మధ్య అంత సందు ఉంటే ఆ రెండూ వేర్వేరు గదుల్లో ఉన్నట్టే. అప్పుడు నాకు వెలిగింది.

నిజం చెప్పండి. సందు కొలిచి, దానికి కుట్టు వదులు కలిపారు కదూ? ఇటు కొంచెం, అటు కొంచెం, మడత కోసం ఇంకొంచెం? అలవాటు ప్రకారం, రేపు లావెక్కితే విప్పుకోవచ్చని?

బావగారూ, సందు లావెక్కదు.

మీ వదులు చాలదన్నట్టు నేనూ రంపపు కోతకి కొంత వదిలాను, రెండువైపులా ఆనడానికి ఇంకొంత కలిపాను. మన ఇద్దరి పనితనం కలిస్తే అది తలుపు కాక ఏమవుతుంది? ఈసారి సందును సందులాగే కొలిచి, ఏమీ కలపకుండా రాయండి. కుర్చీ చెయ్యి ఊడివస్తుందా, బిగించేసి ఉందా? ఊడిరాకపోతే తిన్నటి చెక్క పనికిరాదు, వంపు తిరిగింది కావాలి. మీ బరువెంత? సిగ్గుపడకుండా అసలు సంగతి రాయండి.

లతలు పెట్టను. ఏడుస్తూ పెట్టను.

ఇంకో మాట. నిన్న అక్క ఫోను చేసి "ఆ రెండో చెక్క చెయ్యకురా" అంది. ఎందుకే అంటే ఫోను పెట్టేసింది. మీరు పడిపోతారని భయమేమో. లేకపోతే మీరేమైనా అన్నారేమో. మిమ్మల్ని నమ్మడానికి లేదు.

రంపం


జూలై 12

బావమరిదికి,

కుట్టు వదులు సంగతి ఈపాటికి మీ వీధి చివరిదాకా పాకి ఉంటుంది. పాకనీ. నాలుగు ముక్కల్లో నేను పంపిన కొలతలకి నువ్వు పంపిన రెండో చెక్క అద్భుతం. ఈ మాట చింపి దండ కట్టి వేసుకోకు. నువ్వూ, లావుపాటి పాలిష్ మేస్త్రీ కలిసి దాని మధ్యలో కూర్చుని చూశారని విన్నప్పుడు సగం ధైర్యం వచ్చింది.

ఇన్‌స్పెక్టరు నేర్పింది. కుర్చీని మంచానికి కొంచెం ఏటవాలుగా చేర్చింది. రెండు చక్రాల బ్రేకులూ వేయించింది, వేశాక కుర్చీని కుదిపి చూడమంది. మంచం వైపు కుర్చీ చెయ్యి తీయించింది, కాళ్ళు పెట్టుకునే రేకులు పక్కకి తిప్పించింది. మంచం ఎత్తుగా ఉందని పైపరుపు లాగేసి రెండూ సమానం చేసింది. ఒట్టి చర్మంతో జారకూడదట, అందుకని పైజామా వేయించింది. చెయ్యి చెక్కమీద చాపి పెట్టాలి గానీ అంచు కిందికి వేళ్ళు పోనివ్వకూడదు, నలిగిపోతాయి. ఇక ముందుకు వంగి, చేతులమీద బరువు మోపి, కొంచెం లేచి కొంచెం జరగాలి. ఒకేసారి ఈడ్చుకుపోకూడదు. తల ఒకవైపు వంచితే నడుము రెండోవైపు జరుగుతుందట. "అది మీకు సహజమే, ఎప్పుడూ ఎదురే" అని మీ అక్క గుమ్మంలోంచి అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వింది కూడా.

నడుముకి పట్టీ వేసి ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడింది. నేను దాటాను. ఏడు నెలల తర్వాత నా అంతట నేను ఒకచోటు నుంచి ఇంకోచోటుకి వెళ్ళాను బావమరిదీ. ఏడ్చానని మీ పెద్దమ్మ చెబుతుంది. నిజమే, ఏడ్చాను.

ఇక్కడిదాకా శుభవార్త. తను సరేననేదాకా ఎదురుగా మనిషి లేకుండా దాటవద్దని ఇన్‌స్పెక్టరు మరీమరీ చెప్పింది. చెప్పిన మాట వింటే నేను నిచ్చెనే ఎక్కేవాణ్ణి కాదు. నాలుగు రోజుల కిందట పొద్దున్న మీ అక్క పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, చెక్క వేసుకుని బయల్దేరాను. ఒక బ్రేకు వేశాను. రెండోది వేశాననుకున్నాను. సగం దారిలో కుర్చీ మర్యాదగా పక్కకి తప్పుకుంది. నేను నేలమీదికి వచ్చాను.

మీ అక్క తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. ఎవరినైనా పిలవమంటే వినలేదు. మీ పెద్దమ్మ అక్కడే నిలబడి "జాగ్రత్తమ్మా, అటు పట్టుకో, ఇటు పట్టుకో" అంటూ ఉంది, తను మాత్రం ఎటూ పట్టుకోలేదు. మీ అక్క నన్ను నేలమీంచి ఎత్తింది. భుజంలోంచి ఏదో చప్పుడు నాకు వినిపించింది. తను పళ్ళు బిగబట్టింది.

మర్నాటికి చెక్క మాయం. అడిగితే ఇస్త్రీ పెట్టె అందుకుని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. "నేను లేవడం నీకు ఇష్టం లేదు. లేస్తే నిన్ను పొగడటానికి మీ పెద్దమ్మకి కారణం ఉండదు. త్యాగమూర్తి బిరుదు ఊడిపోతుంది" అన్నాను. మీ పెద్దమ్మ ఎదురుగానే అన్నాను. అప్పటినుంచి తను నాతో మాట్లాడటం లేదు. పొద్దున్నే వచ్చి ఎత్తుతుంది, వేస్తుంది, వెళ్తుంది. నువ్వైనా అడుగు, ఆ చెక్క ఎక్కడ పెట్టిందో.

నీ బావ


జూలై 17

బావగారికి,

ఈసారి వేళాకోళం ఆడే ఓపిక నాకు లేదు.

అక్కకి ఫోను చేశాను. మీ తరఫునే మాట్లాడాను, దేవుడు నన్ను క్షమించాలి. "ఆయన కష్టపడి నేర్చుకుంటే చెక్క దాస్తావా, పడిపోతే బ్రేకు చూసుకోవడం నేర్పాలి గానీ" అని తిట్టాను. తను తర్వాత అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను. రాయొద్దని ఒట్టు పెట్టుకోమంది. పెట్టుకోలేదు.

"పెళ్ళయి ముప్పై ఏళ్ళయిందిరా. ఆ మనిషి ఒక్కరోజు నా భుజంమీద చెయ్యి వేసింది లేదు. మంచివాడే. నవ్విస్తాడు, ఏడిపిస్తాడు, తిండికీ బట్టకీ లోటు చెయ్యలేదు. దగ్గరికి రావడం మాత్రం తెలియదు. పడిపోయాక, రోజూ పొద్దున్నే నా మెడ చుట్టూ చేతులు వేస్తున్నాడు. గట్టిగా పట్టుకుంటాడు. పడిపోతానని పట్టుకుంటాడు, నాకు తెలుసు. అయినా పట్టుకుంటాడు కదా. ఆ చెక్క వస్తే అదీ పోతుంది."

ఇదీ మీరు చెప్పిన త్యాగమూర్తి బిరుదు.

బావగారూ, ఆ వీధిలో మీరు కొలవని భుజం లేదు. పోస్టుమాన్ భుజాలు కొలిచారు, ఎదురింటాయన భుజాలు కొలిచారు. మా అక్క జాకెట్లు మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని కుట్టారు. టేపు పట్టుకుని ఒక్కసారి దగ్గరికి రాలేదు. ఈ ముక్క కూడా తనే చెప్పింది, నవ్వుతూనే చెప్పింది.

ఇంకోటి. భుజం చూపించుకుంది. ఇక బరువెత్తితే ఆ చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పాడట. మీకు చెప్పలేదు. చెబితే చెక్క బయటికి తీయాలి కదా. అందుకని అదే చేత్తో మిమ్మల్ని ఎత్తుతూనే ఉంది.

చెక్క ఎక్కడుందో నాకు చెప్పింది. నేను చెప్పను. మీరే అడిగి తీసుకోండి.

మీ బావమరిది


జూలై 30

బావమరిదికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను దుకాణం తెరవలేదు. రాత నీది స్పష్టంగానే ఉంది. అయినా చాలాసార్లు చదివాను.

ముందు మీ పెద్దమ్మని సాగనంపాను. నీ లతల చెక్క అంటే ఆవిడకి మహా ఇష్టం కదా, తీసుకెళ్ళమన్నాను. మోసే మనుషులతో సహా పొద్దున్నే వెళ్ళింది. మర్నాడు టీ కూడా అక్కడే తాగిందట.

తర్వాత మీ అక్క ఎత్తడానికి వచ్చింది. నేను చేతులు వెయ్యలేదు. దుప్పటి కింద దాచుకున్నాను.

"చెయ్యి ఇవ్వండి" అంది. అన్ని రోజుల తర్వాత మొదటి మాట.

"ఇవ్వను. చెక్క తీసుకురా."

"దేనికి?"

"నీ చేతి కోసం. డాక్టరు ఏమన్నాడో మీ తమ్ముడు రాశాడు."

మొహం ఎర్రబడింది. "వాడు ఇంకేం రాశాడు?" అంది.

"ఇంకేం రాయలేదు" అన్నాను. నా జీవితంలో ఇంత బుద్ధిగా ఎప్పుడూ అబద్ధమాడలేదు. "మొన్న మీ పెద్దమ్మ ఎదురుగా అన్నది మాత్రం తప్పు. అనకుండా ఉండాల్సింది."

తను వెళ్ళి, కత్తిరించే బల్ల కింద అస్తరు గుడ్డ చుట్టల వెనకనుంచి చెక్క తీసుకొచ్చింది. పాత దుప్పటిలో చుట్టి పెట్టింది, ఒక్క గీత పడలేదు. చెక్క వచ్చింది గానీ, ఆ పూట ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా నేను మంచం దిగలేదు. ఈసారి చెప్పిన మాట విన్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇద్దరికీ నేర్పుతోంది. మీ అక్క పని బ్రేకులు కుదిపి చూడటం, చెక్క రెండువైపులా ఆనిందో లేదో చూడటం, ఎదురుగా నిలబడటం. నన్ను చేతులు పట్టి లాగకూడదు, చంకల కింద పట్టి ఎత్తకూడదు. ఎత్తబోయినప్పుడల్లా ఇన్‌స్పెక్టరు అరుస్తుంది. చెక్కని రోజూ పగుళ్ళు, పేళ్ళు లేకుండా తడిమి చూడాలట. రాత్రి పడుకునేముందు నా చర్మం అద్దం పెట్టి చూడాలట, ఎక్కడైనా ఎర్రబడిందేమోనని. అదీ మీ అక్కే చూస్తోంది. కుడిచెయ్యి పట్టీలో ఉంది, ఎడంచేత్తో అద్దం పట్టుకుంటుంది. కాజాలు మిషనుకిచ్చి కుట్టిస్తున్నాం. పరమ దరిద్రంగా ఉన్నాయి.

"ఇక మీరు దాటుకోవచ్చు, మనిషి గదిలో ఉంటే చాలు" అని నిన్న ఇన్‌స్పెక్టరు చెప్పింది. ఈ పొద్దున దాటాను. బ్రేకులు నేనే వేసి, నేనే కుదిపాను. మీ అక్క కిటికీ దగ్గర నిలబడి చూసింది, ముందుకు రాలేదు. కుర్చీలో సర్దుకుని, చెక్క లాగేసి, కుర్చీ చెయ్యి తగిలించాను.

"అయిందిగా" అని తను వెళ్ళబోయింది.

"ఇటు రా" అన్నాను.

"దేనికి? దిగారుగా."

"రా ముందు."

వచ్చింది. అలవాటు చొప్పున వంగింది. నేను మెడ చుట్టూ చేతులు వేశాను, నొప్పి లేని వైపే బరువు పడేలా.

"ఎక్కడికి?" అంది.

"ఎక్కడికీ కాదు" అన్నాను.

తల వాల్చేసింది. "వాడు అంతా రాసేశాడు కదూ?" అంది, నా భుజంలోకే. భుజం నొప్పెడుతుందేమోనని చేతులు తియ్యబోయాను.

"ఉండనివ్వండి" అంది.

నీ బావ